హావ్ గివెన్ ఎక్కడ, హావ్ బీన్ గివింగ్ ఎక్కడ: ఓఈటీకి ప్రిపేర్ అవుతున్న నర్సు ప్రశ్నకి జవాబు

ప్రశ్న: సర్, బీఎస్సీ నర్సింగ్ చేసి విజయవాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నా. యూకే వెళ్దామని ఓఈటీకి (వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నా. ప్రెజెంట్ పర్ఫెక్ట్ (హావ్ గివెన్), ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ (హావ్ బీన్ గివింగ్) ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి. గ్రామర్ మొత్తం మొదట్నుంచి చదవాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఈ రెండూ మీ డ్యూటీలోనే రోజూ ఉన్నాయి, అక్కడే పట్టుకుందాం.

మీ ప్రశ్నలో మొదటి లైన్ చూడండి, రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నా అన్నారు. తెలుగులో ఇప్పుడు చేస్తున్నదానికీ రెండేళ్ళుగా చేస్తున్నదానికీ ఆ ఒక్క చేస్తున్నా సరిపోతుంది, అందుకే ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్ అనేస్తాం, ఇంటర్వ్యూల్లో మన పిల్లల దగ్గర నేను ఎక్కువగా వినేది ఇదే. అక్కడ ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్ అనాలి. ఎంతకాలం అని చెప్తే ఫర్, ఎప్పట్నుంచి అని చెప్తే సిన్స్. ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్ అన్నా కరెక్టే, వర్క్, లివ్ లాంటి మాటలకి పెద్ద తేడా ఉండదు కాబట్టి అక్కడ బుర్ర పాడుచేసుకోకండి.

తేడా గట్టిగా తెలిసేది హ్యాండోవర్‌లో, అంటే షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ వివరాలు తర్వాతవాళ్ళకి అప్పజెప్పేటప్పుడు. ఐ హావ్ గివెన్ ద యాంటీబయాటిక్ అన్నారంటే ఆ డోసు అయిపోయింది, తర్వాత షిఫ్ట్ వాళ్ళు అదే డోసు మళ్ళీ ఇవ్వకూడదు. వి హావ్ బీన్ గివింగ్ హర్ యాంటీబయాటిక్స్ సిన్స్ మండే అంటే కోర్సు నడుస్తోంది, నెక్స్ట్ డోసు ఎప్పుడో వాళ్ళు చూసుకోవాలి. మందు అదే, కానీ వినేవాళ్ళు చేయాల్సిన పని మారిపోయింది చూశారా? అందుకే రూల్ గుర్తు తెచ్చుకునే ముందు, అయిపోయిన పని చెప్తున్నానా, నడుస్తున్న పని చెప్తున్నానా అని మిమ్మల్ని మీరే అడగండి.

లెక్క వస్తే మటుకు కంటిన్యూయస్ వద్దు. షి హాజ్ బీన్ వామిటింగ్ సిన్స్ దిస్ మార్నింగ్ అనొచ్చు, కానీ ఎన్నిసార్లో చెప్పాలంటే షి హాజ్ వామిటెడ్ త్రీ టైమ్స్. డాక్టర్‌కి రెండూ కావాలి కాబట్టి రెండూ పక్కపక్కనే చెప్పండి.

ఇంకోటి, జబ్బు ఉండటం అనేది పని కాదు, ఒక స్థితి. హి హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్ అనాలి, హాజ్ బీన్ హావింగ్ డయాబెటిస్ అనకూడదు. నో (know, తెలిసి ఉండటం) కూడా అంతే, ఐ హావ్ బీన్ నోయింగ్ అనరు, ఐ హావ్ నోన్ అంటారు. కానీ వస్తూ పోతూ ఉండే నొప్పికి హి హాజ్ బీన్ హావింగ్ చెస్ట్ పెయిన్ అంటారు, అది తప్పు కాదు, ఇక్కడ చాలామంది తికమకపడతారు.

యూకేలో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీకి ఓఈటీ స్పీకింగ్‌లో బీ గ్రేడ్ కావాలి. అందులో రెండు రోల్‌ప్లేలు (పేషెంట్‌తో మాట్లాడుతున్నట్టు చేసి చూపించడం), ఒక్కోటి సుమారు 5 నిమిషాలు. హౌ లాంగ్ హావ్ యు బీన్ ఫీలింగ్ లైక్ దిస్, హావ్ యు టేకెన్ ఎనీథింగ్ ఫర్ ఇట్, ఈ రెండు ప్రశ్నలు నోటికి అలవాటు చేసుకోండి, చాలా కేసుల్లో పనికొస్తాయి. గ్రామర్ ఒక్కటే చూడరు, పేషెంట్ మాట ఎలా వింటున్నారు, ధైర్యం ఎలా చెప్తున్నారు అన్నదానికీ మార్కులుంటాయి, కాబట్టి టెన్స్ గురించి ఆలోచిస్తూ మధ్యలో ఆగిపోవద్దు.

సీవీలో మాత్రం ఒకటి సరిచూసుకోండి. ఐ హావ్ కంప్లీటెడ్ మై బీఎస్సీ ఇన్ 2022 అని రాస్తారు చాలామంది, అయిపోయిన సంవత్సరం పేరు చెప్పాక హావ్ ఉండకూడదు, ఐ కంప్లీటెడ్ చాలు.

ఇక ప్రాక్టీస్‌కి, డ్యూటీ అయ్యాక ఒక పేషెంట్ హ్యాండోవర్ మీ ఫోన్‌లో ఇంగ్లిష్‌లో రికార్డ్ చేయండి, పేరు, బెడ్ నంబర్ ఏమీ చెప్పకుండా. విన్నప్పుడు సిన్స్, ఫర్ వచ్చిన ప్రతిచోటా ముందు యామ్ ఉందా, హావ్ బీన్ ఉందా అన్నది ఒక్కటే చూడండి, మొదటి వారం మిగతా తప్పులు వదిలేయండి.