అమ్మాయి స్టెతస్కోప్ పక్కన పెట్టేస్తానంటోందా, మాస్టారూ?

ఒంగోలు దగ్గర హైస్కూల్లో పనిచేసే ఒక మాస్టారు రాశారు: "మా అమ్మాయికి ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ అయిపోయాయి. జనరల్ మెడిసిన్, గైనిక్ ఏవీ వద్దట, ఆసుపత్రులు నడిపే కోర్సో, పబ్లిక్ హెల్తో చేస్తానంటోంది. ఇంత కష్టపడి డాక్టరై చివరికి ఫైళ్లు చూసుకోవడమేనా? బంధువులకి ఏం చెప్పాలి?"

బంధువుల సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు ఆ ఫైళ్ల గురించి. పోయినేడాది మా నాన్నగారు ఒక ఆసుపత్రిలో ఉన్నారు. పొద్దున పదింటికి రౌండ్స్‌లో ఇంటికెళ్లొచ్చన్నారు, మేం బయటపడేసరికి రాత్రి ఏడు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టరు కొత్త అడ్మిషన్లలో ఇరుక్కుపోయాడు, అది రాకపోతే బిల్లు కదలదు, బిల్లు కదలకపోతే ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ రాదు, ఈలోపు మా మంచం కోసం క్యాజువాలిటీలో ఇంకెవరో స్ట్రెచర్ మీదే ఉన్నారు. ఆలస్యం అవుతోందని ఎంబీఏ చేసినవాళ్లకూ తెలుస్తుంది. కానీ ఎవరి సమ్మరీ ముందురోజు రాత్రే రాసి పెట్టొచ్చో, ఎవరిది తొందరపడి రాయకూడదో వార్డులో డ్యూటీ చేసినవాళ్లకే తెలుస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్నది ఈ పనే.

మనవాళ్లనే చూడండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి మొదటి డైరెక్టర్ కాకర్ల సుబ్బారావు గారు రేడియాలజిస్టు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని మొదలుపెట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు కంటి డాక్టరు. హైదరాబాద్‌లో పెద్ద భవనం కట్టి అక్కడితో ఆగిపోలేదాయన. సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్, అందులో ఆ ఊళ్ల యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు, ఆపరేషన్ కావాల్సినవాళ్లు 5 లక్షల మందికి ఒకటి చొప్పున ఉండే సెంటరుకి వెళ్తారు, అక్కడా కుదరని కేసులే పైకి వస్తాయి. కళ్లజోడు కోసం ఒక ముసలాయన బస్సెక్కి హైదరాబాద్ రానక్కర్లేదు. ఏ కేసు ఏ మెట్టు దగ్గర తేలిపోతుందో డాక్టరు కాకపోతే ఎవరు చెప్తారు?

కాకపోతే వీళ్లిద్దరూ ముందు గట్టి డాక్టర్లు. అందుకే అమ్మాయిని ఇప్పటికిప్పుడు కోర్సులో చేర్చకండి, ఒకటి రెండేళ్లు పీహెచ్‌సీలోనో, క్యాజువాలిటీలోనో పనిచేయనివ్వండి. పాతికేళ్ల వయసు అడ్మినిస్ట్రేటర్ చెప్తే సీనియర్ సర్జన్లు వినరు, ఉన్నమాటే.

కోర్సుల్లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, ఎయిమ్స్ లాంటి సంస్థల పీజీ ప్రవేశ పరీక్ష ఐఎన్ఐ సెట్ రాయాలి, సీట్లు చాలా తక్కువ. నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది, అది డాక్టర్లు కానివాళ్లూ చేసేదే. పబ్లిక్ హెల్త్ వైపైతే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) కన్నా ముందు నీట్ పీజీలో ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ చూడమంటాను: క్లినికల్ బ్రాంచిలంత పోటీ ఉండదు, మెడికల్ కాలేజీలో టీచింగ్‌కీ దారి ఉంటుంది. ఊరూ పేరూ లేని చోట ఏడాది డిప్లొమాలకి లక్షలు పోయకండి.

డబ్బు విషయం దాచను. సొంత ప్రాక్టీసు ఉండదు, గైనిక్ చేసిన క్లాస్‌మేట్ సంపాదన చూసి అప్పుడప్పుడు మీకే మనసు చివుక్కుమంటుంది. నైట్ డ్యూటీ లేదనుకుంటారేమో, ఆక్సిజన్ లైన్ మొరాయించినా, పేషెంటు తరఫువాళ్లు గొడవ చేసినా అర్ధరాత్రి మోగేది అడ్మినిస్ట్రేటర్ ఫోనే.

ఇక బంధువులకి డాక్టరనే చెప్పండి, అబద్ధమేం కాదు కదా. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం మర్చిపోకుండా రెన్యువల్ చేయించుకోమనండి.