భుజం సంగతి తర్వాత, ముందు ఆ దగ్గు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 41. టీచర్‌ని. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా సముద్రం ఈదాలన్నది నా కల. పూల్‌లో మూడు గంటలు ఆగకుండా ఈదగలను. డిసెంబర్ నుంచి పొద్దున్నే చెరువులో ప్రాక్టీస్ చేస్తున్నా. కుడి భుజం బాగా నొప్పి పెడుతోంది. ఈతకు ముందు పెయిన్‌కిల్లర్ వేసుకోవచ్చా? డీహైడ్రేషన్ కాకుండా దిగే ముందు లీటరున్నర నీళ్లు తాగుతాను. ఒకరోజు గంట ఈదాక ఆయాసం, దగ్గు వచ్చి గులాబీ రంగు కళ్లె పడింది. నీళ్లు మింగి ఉంటావని కోచ్ అన్నారు. మర్నాటికి తగ్గిపోయింది.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది భుజం గురించి. నాకు మాత్రం ఆ గులాబీ రంగు కళ్లె గురించే టెన్షన్‌గా ఉంది. దాని సంగతి తేలేదాకా దయచేసి నీళ్లలోకి దిగకండి.

నీళ్లు మింగి పొలమారితే దగ్గు అప్పటికప్పుడే వస్తుంది, ఎప్పుడు మింగామో మనకే తెలుస్తుంది. మీకు జరిగింది ఈతలో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. స్విమ్మింగ్ ఇండ్యూస్డ్ పల్మనరీ ఎడీమా అంటాం. అది చెరువు నీరు కాదు, మన రక్తంలోంచి ఊరిన నీరే. నీళ్లలో ఉన్నంతసేపూ కాళ్లలోని రక్తం ఛాతీవైపు చేరుతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఇంకొంత రక్తాన్ని లోపలికి నెడతాయి. పైగా గట్టిగా ఈదుతుంటారు. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల నుంచి నీరు, కొన్నిసార్లు కాస్త రక్తం గాలి గదుల్లోకి వస్తుంది. బీపీ, చన్నీళ్లు, దిగే ముందు తాగిన లీటరున్నర, ఈ మూడూ దాన్ని పెంచేవే.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కో, గుండె డాక్టర్‌కో చూపించుకోండి. బీపీ, ఈసీజీ, టూడీ ఎకో, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. ఎక్స్‌రే నార్మల్‌గా వచ్చినా ఆ రోజు జరిగింది వివరంగా చెప్పండి, ఎందుకంటే ఆ నీరు ఒకట్రెండు రోజుల్లో ఇంకిపోతుంది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చు. బీపీ మాత్ర సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు.

మళ్లీ ఈదవచ్చని డాక్టర్ చెప్పాక కూడా ఒక్క మాట మర్చిపోకండి. మారథాన్ ఈతలో వెంట వచ్చే పడవను పట్టుకుంటే ప్రయత్నం అక్కడితో ముగిసినట్టే. ఆ భయంతోనే ఆయాసం వస్తున్నా కొందరు ఈదుతూ పోతారు. మీరు అలా చేయొద్దు. దగ్గు, ఆయాసం మొదలైతే వెంటనే పడవ పట్టుకోండి, పైకి ఎక్కించమనండి. పడుకోకుండా నిటారుగా కూర్చోవాలి. పడవలో ఆక్సిజన్ ఉండాలి, అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ కల గొంతెమ్మ కోరికేం కాదు. ఆ దూరం సుమారు 30 కిలోమీటర్లు. మిహిర్ సేన్ 1966లో ఈదారు. మన తెలుగు మహిళ గోలి శ్యామల నలభై దాటాక, 2021లో ఈదారు. మీ వయసు అడ్డు కాదు.

ఇక భుజం. ఈతకు ముందు పెయిన్‌కిల్లర్ వద్దు. నొప్పి తెలియక గాయం ముదురుతుంది. గంటల తరబడి శ్రమలో అది కిడ్నీలకు మంచిది కాదు, బీపీనీ పెంచుతుంది. ఎలాగూ ఈత ఆపుతున్నారు కాబట్టి ఈలోగా ఫిజియోథెరపిస్టును కలవండి. చెయ్యి నీళ్లలో పడేటప్పుడు తల ముందు నుంచి అవతలి వైపుకు దాటుతోందేమో కోచ్‌ని గమనించమనండి. భుజం నొప్పికి తరచూ అదే కారణం.

ఈ జవాబును కోచ్‌ గారికి కూడా చదివి వినిపించండి. మళ్లీ ఆ దగ్గు వస్తే గట్టు మీద ఉండేది ఆయనే.