ముందు అట్టపెట్టెలు బయట పెట్టు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీ చేతిపనుల సామాను బీరువాలో బొద్దింకలు చేరాయని, కాగితం పూల రేకుల అంచులు కొరికేసి ఉన్నాయని, లేసు చుట్ట మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయని రాశావు. ఏ స్ప్రే కొనమంటావని అడిగావు. ఆ బీరువాలోకి ఏ స్ప్రే వద్దు. గుడ్డ, కాగితం, ఊలు మందును పీల్చుకుంటాయి, మరకలు పడతాయి, తర్వాత గంటల తరబడి వాటిని చేత్తో పట్టుకునేది నువ్వే. పైగా కంటికి కనిపించిన నాలుగు చస్తాయి, మిగతావి పక్క అరలోకి జరుగుతాయి. ఆ డబ్బుతో మంచి మూతలున్న డబ్బాలు కొనుక్కో.

వచ్చినవి ఏ రకమో ముందు తేల్చుకో. రకాన్ని బట్టి వెతకాల్సిన చోటు మారిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల దాకా ఉండే ఎర్రటి పెద్ద బొద్దింక మురుగు గొట్టాల్లోంచి వస్తుంది. అది ఒకటీ అరా కనిపించిందంటే దారితప్పి వచ్చి ఉంటుంది, పైపుల దగ్గర సందులు మూస్తే చాలావరకు ఆగుతుంది. తల వెనక రెండు నల్లచారలతో, సెంటీమీటరున్నర పొడవుండే లేత గోధుమరంగుది జర్మన్ బొద్దింక. తడి, వెచ్చదనం, తిండి ఉన్నచోట అంటే వంటింట్లో దాని కాపురం. అది నీ బీరువా దాకా వచ్చిందంటే వంటింట్లో బాగా పెరిగిపోయి ఉంటాయి. ఆ సంగతి చూడకుండా బీరువా ఎంత సర్దినా లాభం లేదు.

మూడోది ఒకటుంది, ఒంటి మీద అడ్డంగా లేత పట్టీలుండే చిన్న రకం. మనలాంటి వాళ్లకి అసలు టెన్షన్ దీనితోనే. దీనికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. పొడిగా, వెచ్చగా, ఎత్తుగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. పై అరలు, ఫోటో ఫ్రేముల వెనక, సొరుగుల అడుగు. వంటింటి సింకు కింద ఎన్ని మందులు పెట్టినా దీన్ని తాకవు.

సొరుగును పూర్తిగా బయటికి లాగి, తిరగేసి, టార్చి వేసి చూడు. చెక్క మూలల్లో, మేకుల పక్కన, అరసెంటీమీటరు పొడవున గోధుమరంగు తిత్తులు గట్టిగా అంటుకుని కనిపిస్తే అవే గుడ్లు. ఒక్కో దాంట్లో 10 నుంచి 18 దాకా ఉంటాయి. మందు ఆ తొడుగు లోపలికి సరిగ్గా దిగదు కాబట్టి చేత్తో తియ్యాల్సిందే. పనికిరాని ప్లాస్టిక్ కార్డుతో గీకి, కవర్లో వేసి, మూతి కట్టి పారెయ్యి. కిందపడితే వదిలెయ్యకు, వెతికి తియ్యి. పొదగడానికి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టొచ్చు, అందుకని ఈసారి శుభ్రం చేశాక మూడో నెలలో మళ్లీ ఇదే తనిఖీ చెయ్యి. జర్మన్ రకం తిత్తులు ఇలా దొరకవు. ఆడది 30, 40 గుడ్లున్న తిత్తిని దాదాపు పొదిగేదాకా ఒంటితోనే మోసుకు తిరుగుతుంది.

బొద్దింకలే కనపడకపోతే రెట్ట చూడు. చిన్న రకాలదైతే మిరియాలపొడి చల్లినట్టు అరల మూలల్లో, తలుపు బందుల దగ్గర పడి ఉంటుంది. గోడ వారగా పురుగులు అంటుకుపోయే జిగురు అట్టలు పెట్టి రెండు మూడు రాత్రులు వదిలేస్తే ఏ వైపు నుంచి వస్తున్నాయో కూడా తెలుస్తుంది. గది మధ్యలో పెడితే ఏమీ పడవు, అవి ఎప్పుడూ గోడ పట్టుకునే నడుస్తాయి.

ఇక, వాటికి నీ సామాన్లలో ఏం దొరుకుతోందంటే, ఎక్కువగా పిండిపదార్థం. మైదాతో కాచిన జిగురు, గంజి పెట్టిన నూలు గుడ్డ, కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మలు, కొన్ని రకాల చేతికాగితం, పాత పుస్తకాల కుట్టు దగ్గరుండే బంక, ఎండు పూలు, గింజలు, పప్పులతో అతికించిన పటాలు, తోలు ముక్కలు. ఇవన్నీ వాటికి భోజనమే. నీ జిగురు సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. మూత కింద, మెడ చుట్టూ, కారి ఎండిన బంక గట్టిపడి ఉంటుంది. దాని అంచులు గరుగ్గా, తిన్నట్టు కనిపిస్తే ఎవరు వచ్చారో తెలిసిపోతుంది. పని అయ్యాక సీసా మెడ తడిగుడ్డతో తుడిచి మూత బిగించడం ఒక్క నిమిషం పని. కాచిన జిగురు మిగిలితే దాచొద్దు, పారెయ్యి. బ్రష్షు కడిగిన నీళ్ల గ్లాసు రాత్రంతా బల్ల మీద ఉంచొద్దు. తిండి లేకపోయినా నెలరోజుల దాకా బతకగలవు గానీ నీళ్లు లేకుండా చాలా రకాలు అంతకాలం తట్టుకోలేవు.

గాజుపూసలు, తీగలు, బటన్లు, సింథటిక్ దారం తినవు. వాటి కోసం కంగారుపడకు. అయితే వాటి మధ్య సందుల్లో దాక్కోగలవు, అందుకని వాటికీ మూత ఉండాలి.

తిండి కన్నా పెద్ద తప్పు అట్టపెట్టెలు. నువ్వు రాసినదాన్ని బట్టి పార్శిళ్లు వచ్చిన పెట్టెలన్నీ దాచి, వాటిలోనే సామాన్లు సర్దావు. ఆ అట్టని అడ్డంగా కోసి చూడు, రెండు కాగితాల మధ్య అలలు అలలుగా గొట్టాలుంటాయి. బొద్దింకకి ఒంటికి కిందా పైనా ఏదో ఒకటి తగులుతుంటేనే నిశ్చింత. చీకటి, వెచ్చదనం, ఒరుసుకునే ఇరుకు, పైగా ఆ గొట్టాలను అతికించేది కూడా చాలావరకు పిండి జిగురే. ఇల్లూ భోజనమూ ఒకేచోట ఇచ్చినట్టయింది. కాబట్టి మొదటి రోజు చెయ్యాల్సిన పని ఒక్కటే, అట్టపెట్టెలన్నీ బయటికి పంపడం. వాటిని బాల్కనీలో కూడా ఉంచొద్దు.

వాటి బదులు లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు, మూతకి రబ్బరు పట్టీ ఉన్నవి తీసుకో. మూత బిగుతు చూడాలంటే ఒక కాగితం పీలిక అంచున పెట్టి మూసి లాగు. సులువుగా జారి వచ్చేస్తే ఆ మూత పనికిరాదు. అప్పుడే పొదిగిన పిల్ల ఎంత సన్నగా ఉంటుందంటే, వదులు మూత ఉన్నా లేనట్టే. చిన్న చిన్న వస్తువులకి గాజు సీసాలు మేలు. కుట్టుపని గుడ్డలు దాచేముందు ఉతికి గంజి వదిలించు, గంజి కావాలంటే పని మొదలుపెట్టే ముందు పెట్టుకో. గుడ్డగానీ కాగితంగానీ బాగా ఆరాకే డబ్బాలో పెట్టు. చెమ్మతో మూసేస్తే బొద్దింక బదులు బూజు పడుతుంది, దాన్ని వదిలించడం ఇంకా కష్టం. ప్రతి డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యి.

ఇక, ఇప్పటికే బొద్దింకలు తిరిగిన సామాను సంగతి. తెల్ల దుప్పటి పరిచి ఒక్కో పెట్టె దాని మీద ఖాళీ చెయ్యి, పారిపోయేవి కనిపిస్తాయి. ముక్కుకి మాస్కు పెట్టుకో. పొడి చీపురుతో ఊడవకు. వాటి రెట్ట, విడిచిన పొర ధూళి ఉబ్బసం ఉన్నవాళ్లకి చాలా చెడ్డది. తడిగుడ్డతో తుడువు. ఊలు ఉండలు, గుడ్డముక్కలు, ఉతకలేని అల్లికలు ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో వారం పెట్టు. తీశాక కవరు వెంటనే విప్పకు. గది వేడికి వచ్చేదాకా ఆగు, లేకపోతే గుడ్డ మీద చెమ్మ పడుతుంది. రంగులు, జిగురు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు, పాడైపోతాయి.

మందు అసలే వద్దని అనను, దాని చోటు వేరు. జెల్ మందు బియ్యపుగింజంత చుక్కలుగా బీరువా బయట, తలుపు బందుల సందుల్లో, అడుగు చెక్క కింద, వంటింటి గూళ్ల మూలల్లో పెట్టు. తిన్నది వెంటనే చావదు, గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టనీ శవాన్నీ తిన్నవి కూడా పోతాయి. అందుకే ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టకూడదు, ఆ వాసన తగిలితే జెల్‌ని ముట్టవు. బోరిక్ పొడి కూడా పనిచేస్తుంది గానీ కంటికి కనిపించీ కనిపించనంత పల్చగా చల్లాలి. కుప్ప పోస్తే పక్కనుంచి నడిచి పోతాయి. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో వాటి చెయ్యీ నోరూ అందే చోట రెండూ వద్దు. గది మొత్తం పొగ నింపే డబ్బాలు దండగ. ఆ పొగ సందుల్లోకి వెళ్లదు, నీ కాగితాల మీద మాత్రం కూర్చుంటుంది. కలరా ఉండలు ఊలు తినే పురుగుల కోసం, వీటికి కాదు, పైగా ఆ ఆవిరి పసిపిల్లలకి ప్రమాదం. సువాసన నూనెలు, ఆకులు వాసనకి బాగుంటాయి, అంతే.

అపార్ట్‌మెంట్ కాబట్టి ఇంకో మాట. సింకు కింద, బాత్రూంలో గొట్టం గోడలోకి వెళ్లే చోట చుట్టూ సందు ఉంటుంది, అది సీలెంటుతో పూడ్పించు. పెద్ద బొద్దింక 3 మిల్లీమీటర్ల సందులోంచి కూడా ఒళ్లు నొక్కుకుని దూరిపోగలదు. వాడని బాత్రూం ఉంటే జాలీలో వారానికోసారి నీళ్లు పొయ్యి. ఎండిపోయిన గొట్టం వాటికి తలుపు తీసిపెట్టినట్టే. పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిస్తే నీ ఒక్క ఫ్లాటుకే చేయించొద్దు. అదే పైపు లైనులో పైనా కిందా ఉన్నవాళ్లతో మాట్లాడి అందరికీ ఒకేరోజు చేయించు. ఒకరింట్లో కొడితే ఇంకొకరింట్లోకి పోయి, మందు వాసన తగ్గాక వెనక్కి వస్తాయి. ఎదురింటావిడతో మొహమాటపడుతున్నానని రాశావు. ఆవిడ ఇంట్లో బొద్దింకలున్నాయని అనకు. నీ ఇంట్లో ఉన్నాయని చెప్పు, ఆవిడే తన సంగతి చెప్పుకుంటుంది.

పాత కుట్టు మిషన్ ఎవరో అమ్ముతున్నారన్నావు. ధర కుదిరితే తీసుకో, కానీ నేరుగా గదిలోకి తేవద్దు. మోటారు ఉన్న మిషన్ అయితే ప్లగ్గు తీసే ఉంచి, అడుగు పలక స్క్రూలు విప్పించి లోపల టార్చి వేసి చూడు. వెచ్చగా ఉండే మోటారు పక్కన, నూలు పీచు పేరుకున్న చోట అవి చేరతాయి. బ్రష్షుతో మొత్తం దులిపి, పెద్ద కవర్లో ఒక జిగురు అట్టతో పాటు మూసి వారం పది రోజులు బయటే ఉంచు. అట్టకి ఏమీ అంటకపోతే లోపల పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ