బ్యాంకుకు పోయే ముందు నీ రిపోర్టు నువ్వే తీసి చదువు

బిడ్డా,

కాజీపేట దిక్కు ఫ్లాటు నచ్చిందని, లోన్ కోసం బ్యాంకుకు పోదామనుకుంటున్నరని మీ అమ్మ చెప్పింది. మస్తు సంతోషమైంది. ఇంకో ముచ్చట గూడ చెప్పింది. ‘మీ సిబిల్ స్కోరు ఫ్రీ’ అని ఫోన్‌ల ఏదో యాప్ వస్తే నువ్వు పాన్ నంబరు కొట్టబోయినవట, అల్లుడు ఆగుమన్నడట. మంచిపని చేసిండు. హన్మకొండ బ్యాంకు బ్రాంచిల లోన్ల సెక్షన్‌ల ఉన్నన్నేండ్లు ఈ క్రెడిట్ రిపోర్టులే, అంటే ఎవ్వరు ఏ అప్పు తీసుకుని ఎట్ల కట్టిండ్రు అన్న లెక్కలే చదివిన. ఆ లెక్క చూసి వేసే మార్కే స్కోరు. ఫోన్‌ల చెప్తే సగం యాదికుండదని రాసి పంపుతున్న.

నీ రిపోర్టు నువ్వు చూసుకునుడు నీ హక్కు. మన దేశంల మన అప్పుల లెక్క పెట్టే కంపెనీలు నాలుగున్నయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ రిజర్వ్ బ్యాంకు కింద పనిచేస్తయి. 2017 జనవరి నుంచి ఒక్కో కంపెనీ ప్రతి ఒక్కరికి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు, స్కోరుతో సహా, ఒక్క పైస తీసుకోకుంట ఇయ్యాలె. ఆ లింకు వాళ్ల వెబ్‌సైటు మీద కండ్లకు కనపడేటట్టు పెట్టాలెనని గూడ రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అయినా పైసలు కట్టే ప్లాన్లు పక్కపొంటే ఉంటయి. నెలకింత, ఏడాదికింత అని అడిగితే అది నీకు అక్కరలేదు, ఏడాదికొకసారి ఉచితం అన్నదే చూసి తీసుకో. కంపెనీ పేరు గూగుల్‌ల కొడితే పైన వచ్చే ప్రకటనలను ముట్టకు, అడ్రసు నువ్వే టైపు చెయ్యి.

చూసుకుంటే స్కోరు పడిపోతదని మీ అమ్మ భయపడుతుంది. అట్ల ఏం కాదు. నీది నువ్వు ఎన్నిసార్లు చూసుకున్నా తగ్గది. లోన్ కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు తీసి చూస్తది గదా, అది లెక్కల పడుతది. అందుకే వడ్డీ ఎక్కడ తక్కువో చూద్దామని ఒకే నెలల ఐదారు దిక్కుల దరఖాస్తు పెట్టకు. వడ్డీ నోటితోటి అడిగినా చెప్తరు.

ఇగ ఫ్రీ యాప్‌ల సంగతి. అన్నీ దొంగవి అని నేననను. కానీ వాళ్లకు స్కోరు చూపిచ్చుడు వ్యాపారం కాదు, లోన్లు, కార్డులు అమ్ముడు వ్యాపారం. ‘ఒప్పుకుంటున్న’ అన్న డబ్బాల టిక్కు ముందే కొట్టి ఉంటది. దాని కింద చిన్న అక్షరాలల్ల నీ రిపోర్టు మాటిమాటికి తీసి చూసే అనుమతి, ఇంకో పది కంపెనీలకు నీ నంబరిచ్చే అనుమతి ఉండొచ్చు. తెల్లారి నుంచి ‘మేడం, పర్సనల్ లోన్ కావాల్నా’ అని ఫోన్లే ఫోన్లు. ఇంకొన్ని ‘ఒక్క రూపాయి కట్టండి, వెరిఫికేషన్’ అంటయి. అక్కడ పిన్ కొట్టే ముందు ఆ స్క్రీను పైనుంచి కిందిదాంక చదువు. ఆటోపే (దానంతటదే పైసలు కట్ అయ్యే ఏర్పాటు) అని, గరిష్ఠంగా ఇంత అని, నెలకోసారి అని ఉంటదేమో చూడు. 15,000 రూపాయల దాంకైతే వచ్చే నెల నుంచి పిన్ గూడ అడగకుంట కట్ అయితది. ఇప్పటికే అట్లాంటిది ఏమన్న ఉన్నదేమో నీ యూపీఐ యాప్‌ల ఆటోపే అన్న కాడికి పోయి చూసి, ఉంటే రద్దు చెయ్యి.

కాంటాక్టులు, ఫొటోలు చూస్తనని ఏ అప్పుల యాప్ అడిగినా అక్కడనే తీసెయ్యి. అవి ముట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2022లనే నియమం పెట్టింది. ‘ఐదువేలు ఇయ్యి, పదిహేను దినాలల్ల స్కోరు 800 చేస్త’ అనేటోళ్లు గూడ ఎదురైతరు. నిజంగ ఉన్న బాకీని రిపోర్టుల నుంచి తీసేసుడు ఎవ్వరి తరం కాదు, తప్పు పడ్డదాన్ని నువ్వే ఉత్తగ సరిచేయించుకోవచ్చు. పైసలు పోయినయని తెల్సిన క్షణమే 1930కి ఫోన్ చెయ్యి, తెల్లారేదాంక ఆగకు.

స్కోరు 300 నుంచి 900 దాంక ఉంటది. 750 దాటితే బ్యాంకులు మంచిగ చూస్తయి. కానీ నంబరు చూసి ఫోన్ పక్కన పెట్టకు. ఎనుమాముల మార్కెట్ల బస్తా పైనున్న మిర్చి చూసి ఎవ్వరూ ధర కట్టరు, లోపలికి చెయ్యి పెట్టి తీసి చూస్తరు. నువ్వు గూడ లోపలి పేజీలు చూడాలె.

అప్పుల పేజీల ఒక్కో ఖాతా కింద నెలకో గడి చొప్పున వరుసగ ఉంటయి. ఆ గడిల సున్నాలుంటే టైముకు కట్టినట్టు. 30, 60 అట్ల అంకె ఉంటే అన్ని దినాలు ఆలస్యం అయిందని. చౌరస్తాల వాయిదాల మీద కొన్న ఫోన్ గూడ లోనే, అది గూడ అండ్ల ఉంటది. మీ నాయిన పంటల లోన్‌కో, తమ్ముని బండి లోన్‌కో నువ్వు జామీను సంతకం పెట్టి ఉంటే అది గూడ నీ పేరు మీదనే కనపడుతది. వాళ్లు కట్టకపోతే దెబ్బ నీకు తగులుతది.

అన్నిటికన్న ఎక్కువగ చూడాల్సింది ఖాతా ఎట్ల మూసిండ్రు అన్నది. నర్సంపేట కాడి ఒక రైతు ట్రాక్టర్ ఫైనాన్సు బాకీ సగానికి మాట్లాడుకుని కట్టిండు, పీడ పోయిందనుకున్నడు. కొన్నేండ్లకు బిడ్డ చదువు లోన్‌కు తోడు సంతకం పెడ్తనని మా బ్రాంచికి వస్తే, అతని రిపోర్టుల ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని లేదు, ‘సెటిల్డ్’ అని ఉన్నది. అంటే పూర్తి బాకీ కట్టలేదని. మిగిలింది గూడ కట్టి, బాకీ ఏం లేదన్న నో డ్యూస్ కాయితం తెచ్చుకుని, రిపోర్టు మార్పించేదాంక ఆ పిల్ల ఫీజు ఆగింది. అందుకే అల్లుని పాత క్రెడిట్ కార్డు సంగతి అడుగు. మూసిండా, సెటిల్ చేసిండా, కాయితం ఉన్నదా? ఇద్దరు కలిసి లోన్ అడిగితే ఇద్దరి రిపోర్టులూ చూస్తరు.

నీది కాని అప్పు కనపడితే గాబరా పడకు. ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్ల ఫిర్యాదు పెట్టి, అప్పు ఇచ్చినోళ్లకు గూడ రాయి, ఫిర్యాదు నంబరు దాచుకో. 30 దినాలల్ల తేల్చాలె. తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున నీకు ఇయ్యాలెనని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉన్నది. అప్పటికీ కదలకుంటే రిజర్వ్ బ్యాంకుల ఇట్లాంటి ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌ల పెట్టు, దానికి ఫీజు లేదు. ఈ పనికి టైము పడుతది గనుక ఫ్లాటుకు బయానా ఇచ్చేకన్న ముందే రిపోర్టులు తీయుండ్రి. ఇద్దరిదీ సిబిల్‌ది ఒకటి, క్రిఫ్‌ది ఒకటి తీస్తే ఇప్పటికి చాలు. మీ అమ్మ మహిళా సంఘం లోన్ గూడ తీసుకున్నది గదా, ఆమెది గూడ తీయి.

తీసినంక అప్పుల పేజీ, నీ రిపోర్టు ఎవరెవరు తీసి చూసిండ్రో ఉండే ఎంక్వైరీల పేజీ నాకు వాట్సాప్ చెయ్యి. పాన్, ఫోన్ నంబరు, పుట్టిన తేది కనపడకుంట గీత కొట్టి పంపు. ఆదివారం నేను ఇంట్లనే ఉంట.

మీ మామ