ఇంజిన్‌కు తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు విరగకుండా ఊడాలంటే ఏం చేయాలి?

పెనెట్రేటింగ్ ఆయిల్ (సన్నని సందుల్లోకి పాకే పలుచని నూనె) చల్లి రాత్రంతా నాననిచ్చి, మరునాడు బోల్టును బిగించే వైపు కొద్దిగా, విప్పే వైపు కొద్దిగా మార్చి మార్చి తిప్పాలి. అప్పటికీ కదలకపోతే నూనెను పూర్తిగా తుడిచేసి, బోల్టును కాక దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేయాలి.

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది కనుక, బోల్టు మర చుట్ల మధ్య ఉండే సన్నని సందు పూడిపోయి బోల్టు కదలకుండా బిగుసుకుంటుంది. పలుచని నూనె ఆ సందులోకి తనంతట తానే పాకుతుంది, కానీ దానికి గంటల సమయం కావాలి; అటూ ఇటూ తిప్పినప్పుడు తుప్పు పొడిగా రాలి నూనెకు దారి ఇస్తుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో (ఇంజిన్ పైభాగంలో) దిగిన ఉక్కు బోల్టుకు వేడి బాగా పనిచేస్తుంది. పెట్రోలు గొట్టాలు దగ్గరలో ఉంటే మాత్రం మంట ఎంతమాత్రం వాడకూడదు.

ఒడిశాలోని బరంపురం, గోపాలపూర్ ప్రాంతాల్లో సముద్రపు ఉప్పు గాలిలో తిరిగే కార్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల భాగం) బోల్టులను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉప్పు తేమను పట్టి ఉంచడం వల్ల వాటి తలల మీద ఎర్రని పొరలు లేచి అంచులు అరిగిపోతాయి. అటువంటి తలకు 12 మూలల సాకెట్ (బోల్టు తలకు తొడిగే గుండ్రని పానా) జారిపోతుంది. 6 మూలలదే వాడాలి.

పానాకు పొడవాటి పైపు తొడిగితే ఎంతటి బోల్టయినా ఊడివస్తుందని చాలామంది నమ్ముతారు. పైపు బలాన్ని పెంచుతుందే తప్ప తుప్పు పట్టును సడలించదు. ఆ బలమంతా బోల్టు మెడ మీద పడి తల తెగిపోతే, లోపల మిగిలిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీయవలసి వస్తుంది.