ఏడేళ్ల కొడుకు కస్టడీ తండ్రికిచ్చారు, హైకోర్టులో అప్పీల్ చేస్తే లాభముంటుందా?

అడిగింది జనగామ దిక్కు చెల్లెమ్మ అనుకుంటా. నేను వకీలును కాను, మా చెల్లె కేసుకు మూడేళ్లు ఫైలు మోసిన అన్నను.

లాభం సంగతి తర్వాత. ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలుకు, అప్లికేషన్ పెట్టారా? పెట్టకపోతే ఇది చదవడం ఆపి రేపు పొద్దున్నే పెట్టండి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద అప్పీలుకు 30 రోజులే. కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని లెక్కలోంచి తీసేస్తారు. అప్లికేషనే పెట్టకుండా మనం కూర్చున్న రోజుల్ని మాత్రం తీసేయరు.

మేము అట్లా పన్నెండు రోజులు పోగొట్టుకున్నాం. కారణం పెద్దమనుషుల పంచాయితీ. "కోర్టులెందుకు బిడ్డా, మేం మాట్లాడుతం" అన్నారు. కాజీపేటలో మా పెదనాయన ఇంట్లో మూడుసార్లు కూర్చున్నారు. మొదటిసారి బావ రాలేదు. రెండోసారి వాళ్ల మేనమామను పంపాడు. మూడోసారి ఆ మేనమామ కూడా రాలేదు. మా వదిన మాత్రం మూడుసార్లూ మిర్చి బజ్జీలు వేసింది. తర్వాత అదాలత్ దగ్గర జిరాక్స్ షాపులో నిలబడి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటుంటే వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

"ఎట్లైనా తల్లికే ఇస్తారు" అని ధైర్యం చెప్పింది కూడా వీళ్లే. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉన్నది ఐదేళ్లు నిండని పిల్లల మాట. అది కూడా మామూలుగా తల్లి దగ్గర ఉండాలనే. ఆపైన పిల్లవాడి మేలు ఎక్కడుందన్నదే లెక్క. మా మేనల్లుడికి అప్పటికి ఏడు.

ఇక హైకోర్టు. ఉప్పల్‌లో దిగి, సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్ పోయి, నయాపూల్ మీదుగా నడిచేవాళ్లం. ఇద్దరు జడ్జీలకు తన బాధంతా మొదటి నుంచి చెప్పుకోవచ్చని మా చెల్లె ఆశ. అట్లా ఉండదు. జరిగిన విషయాలను కూడా మళ్లీ చూస్తారు, కాదనను. కానీ చూసేది కింది కోర్టులో మనం పెట్టిన కాగితాలనే.

పిల్లవాడికి ఆయాసం. రాత్రి పూట ఆటోలో ఆసుపత్రికి ఎత్తుకుని ఉరికింది మా చెల్లే, బావ డ్యూటీ హైదరాబాద్‌లో. హైకోర్టు వకీలు "దానికి కాగితం ఏది?" అనేసరికి ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇంటికొచ్చి వెతికితే బియ్యం డబ్బాలో దొరికాయి, రబ్బరు బ్యాండు వేసిన పదకొండు మందుల చీటీలు, సగం అక్షరాలు చెమ్మకు అలుక్కుపోయి. ఆయన ఒక్కొక్కటి టేబుల్ మీద పరిచి, "బంగారం లాంటివమ్మా, కింది కోర్టులో సాక్ష్యంగా ఎందుకు మార్క్ చేయించలేదు?" అన్నాడు. కింది కోర్టులో మా వకీలు ఏనాడూ అడగలేదు. ఫీజు అడగడం మాత్రం ఏ వాయిదాకూ మర్చిపోలేదు. ఆ చీటీలను తీసుకొమ్మని వేరే పిటిషన్ వేయాల్సి వచ్చింది.

ఇంకొకటి, అప్పీల్ వేయగానే కింది ఆర్డరు ఆగదు. స్టే విడిగా అడగాలి. మీకు వచ్చింది కేసు తేలకముందు ఇచ్చిన మధ్యంతర ఆర్డరైనా, ఇద్దరూ ఒప్పుకుని రాయించుకున్నదైనా ఈ అప్పీల్ దారే లేదు. డబ్బులకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మాకు ఇది చివర్లో తెలిసింది, అప్పటికే చెల్లె గాజులు పోయాయి.

మరి గెలిచామా అంటే, బాబు తండ్రి దగ్గరే ఉన్నాడు. కాకపోతే అంతకుముందు ఆదివారం రెండు గంటలు, అదీ కోర్టు ఆవరణలో. ఇప్పుడు నెలలో రెండు శనాదివారాలు, దసరా, ఎండాకాలం సెలవుల్లో సగం మా ఇంట్లో. పరిస్థితులు మారితే ఫ్యామిలీ కోర్టునే మళ్లీ అడగొచ్చని వకీలు చెప్పాడు.

మొన్న దసరా సెలవులకు వాడు ఇన్‌హేలర్ మర్చిపోయి వచ్చాడు. మెడికల్ షాపులో కొత్తది కొన్నాం. మా చెల్లె ఆ బిల్లు జిరాక్స్ తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది.