కోర్టు వరండాలో తోడుండే పని

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

బాలల సంక్షేమ కమిటీ నిన్ను సపోర్ట్ పర్సన్‌గా, అంటే కేసులో పిల్లకు తోడుండే మనిషిగా, వేసిందనీ, మొదటి కేసులోనే పాప సాక్ష్యం వచ్చే నెల ఉందనీ మీ అమ్మ చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం నువ్వు చదివే ఉంటావు. కోర్టు డ్యూటీ చేసి రిటైరైనదాన్ని కాబట్టి నేను వరండా సంగతి రాస్తాను.

బోనులో నిలబడేది గంటో రెండు గంటలో. వరండాలో కాచుకునేది పూటంతా. సాక్షులు ఎదురు తిరగడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ముద్దాయి తరఫు మనిషి వచ్చి పక్కన కూర్చుని "ఏమ్మా, బాగున్నావా, చిన్నోడు ఏ బడికి పోతున్నాడు?" అంటాడు. అంతే. దాన్ని బెదిరింపని రుజువు చేయలేం, కానీ తల్లికి చెమటలు పడతాయి. సాక్ష్యం చెప్పేటప్పుడు పిల్ల ముద్దాయి కంట పడకూడదని 36వ సెక్షన్ అంటుంది. బాత్రూం దగ్గర ఎదురుపడితే ఆ సెక్షన్ ఏం చేస్తుంది? అందుకే ముందురోజే కోర్టు కానిస్టేబుల్‌తో మాట్లాడి ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ గుమ్మం నుంచి తీసుకెళ్లాలో ఖాయం చేసుకో. పాప ఎక్కడికి లేచినా వెంట వెళ్లు. టిఫిన్ తినిపించే తీసుకురమ్మను.

వీలైతే వారం ముందు ఖాళీ కోర్టు హాలు చూపించు. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారో, టైపు చేసేదెవరో చూస్తే సగం టెన్షన్ పోతుంది. లాయరు పాపని నేరుగా అడగకూడదు, ప్రశ్న జడ్జిగారి ద్వారానే రావాలి. అలసిపోతే కాసేపు ఆపమని అడగవచ్చు. ఈ రెండూ పాపకు ముందే తెలియాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఏం జరిగిందో నువ్వు అడగకు, ఏం చెప్పాలో నేర్పకు. పాత స్టేట్‌మెంట్ గుర్తు చేయాల్సి వస్తే అది ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్, అదే పీపీగారి పని. "ఈ అక్క నీకేం చెప్పింది?" అని ముద్దాయి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పకుండా అడిగిస్తాడు. "నిజం చెప్పమంది, తెలియకపోతే తెలియదనమంది" అని పాప అనగలిగితే నీ పని సరిగ్గా చేసినట్టే. జాలితో ఒక్క వాక్యం అందించావంటే కేసుకు నువ్వే గండి కొట్టినట్టు.

కోర్టు కేసు తీసుకున్న 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం నమోదు చేయాలని చట్టం. ఎక్కడ జరుగుతోందిలే! సాక్షి వచ్చి కూర్చున్నాక, ప్రత్యేక కారణం రాయకుండా విచారణ వాయిదా వేయకూడదని సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 346వ సెక్షన్‌లో ఉంది. వాయిదా అడుగుతారని పసిగడితే ఆ మాట ముందే పీపీగారి చెవిన వెయ్యి. తల్లి ఆరోజు కూలి పోగొట్టుకుని వస్తుంది. సాక్షులకు కోర్టు ఇచ్చే ఖర్చుల డబ్బు, సాక్షి బత్తా, ఇప్పించకుండా ఇంటికి పంపకు.

ఊళ్లో పెద్దమనుషులు రాజీ అంటారు. పోక్సో కేసును రాజీ పేరుతో కొట్టేయడం కుదరదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా వస్తారు. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో తల్లిచేత రాయించి పెట్టు. 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెడితే, డీఎస్పీ ఐదు పనిదినాల్లో ముప్పు మీద నివేదిక ఇవ్వాలి. నేను చూసినంతలో ఆ దరఖాస్తు పెట్టేవాళ్లు అరుదు, ఉందని చెప్పేవాళ్లు లేక.

పరిహారం అడిగితే డబ్బు కోసం కేసు పెట్టారంటారని తల్లులు జంకుతారు. శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా స్పెషల్ కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

తీర్పు వచ్చిన రోజు ఆ కబురు నీ నోటే వాళ్లకు తెలియాలి, పక్కింటివాళ్ల నోట కాదు. కేసు కొట్టేస్తే అప్పీలు చేసుకునే హక్కు బాధితులకూ ఉందని అప్పుడే చెప్పు.

సాక్ష్యం అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. పాప పేరూ, ఊరూ మాత్రం చెప్పకు. గోప్యత నిబంధనలో పెద్దమ్మలకు మినహాయింపు లేదు.

మీ పెద్దమ్మ